ఒడ్డు వదలని పెళ్ళివారు

మొన్న నాతో పాటు బడిలో పనిచేసిన ఒకావిడ తన మనవరాలి పెళ్ళికి రమ్మంటే రుషికొండ దగ్గర ఒక హోటలుకి వెళ్ళాను. ఇసుక మీద తివాచీలు పరిచి, కుర్చీలకు తెల్లగుడ్డలు కట్టి, సముద్రానికి వీపు పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు. బీచిలో పెళ్ళి చూడటం ఇదే మొదలని పక్కవాళ్ళు మురిసిపోతుంటే ఊరుకోలేక, మా ఇంట్లో తొంభైల చివర్లోనే ఆ ముచ్చట జరిగిందన్నాను. కొండ మీద మనుషులకు బీచి పెళ్ళేమిటని వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, నా ఈడు వాళ్ళకైనా ఆ సంగతి వివరంగా చెప్పుకోవాలనిపించింది.

మాది పెదబయలుకి పైన, జీపు దిగి కాలిబాట పట్టవలసిన ఊరు. మిషను బడి చలవ వల్ల నేను టీచరునయ్యాను, నా చెల్లెలు విశాఖపట్నంలో నర్సు చదువు చదివింది. అక్కడి ఆసుపత్రికి తల్లిని తీసుకొచ్చిన ఒక అబ్బాయితో పరిచయమై, చేసుకుంటే అతన్నే చేసుకుంటానంది. భీమిలి అవతల జాలరిపేటవాడు, వేటకు వెళ్ళే కుటుంబం, తను మాత్రం పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. వాళ్ళూ ప్రభువును నమ్ముకున్నవాళ్ళే గనుక మతం అడ్డు రాలేదు, కులం సంగతికి అమ్మ కొన్నాళ్ళు ఏడ్చి మానేసింది, అడ్డొచ్చిందల్లా సముద్రమే. మా నాన్న పుట్టి బుద్ధెరిగి దాన్ని చూసినవాడు కాదు. కాఫీ మొక్కలు, వాటి నీడకు పెంచిన చెట్ల మీద మిరియాల తీగలు, వాలు చేలో చోళ్ళు, అంటే రాగులు, అదే ఆయన లోకం.

"గెడ్డకి రెండొడ్లుంటాయి. దానికి ఒక్కటే ఒడ్డంట. అటేపు ఏటుందో తెలీనిదాని మీద బతికే ఇంటికి నా గుంటనియ్యను" అని, కొండవాగులే తప్ప ఎరగని నాన్న కూతురి పెళ్ళి విషయంలో భీష్మించుకున్నాడు. చెల్లెలు ఎదురు చెప్పలేదు, అలాగని వచ్చిన మరే సంబంధానికీ తల ఊపలేదు. చివరికి అమ్మ పోరు పడలేక సరేనన్నాడు గాని, ఇష్టపడి ఒప్పుకున్నవాడి ముఖం కాదది.

పెళ్ళి వాళ్ళ పేటలోని చిన్న చర్చిలో అనుకున్నాం. వ్యాను మాట్లాడుకుని, పనసకాయలూ పసుపూ అడ్డాకుల విస్తళ్ళ కట్టలూ చోడిపిండి మూటలూ ఎక్కించుకుని, పాడేరు ఘాటీ దిగి, ముందురోజు సాయంత్రానికి అక్కడికి చేరాం. చేరగానే తెలిసిందేమిటంటే, కొండ నుంచి దిగివచ్చే చుట్టాలకు మంచి చేపలతో విందు పెట్టాలని పెళ్ళికొడుకు తండ్రీ, అన్నా ఆ తెల్లవారుజామునే వేటకు వెళ్ళారట, పొద్దు వాలేలోగా రావాలట. రాలేదు. ఆ రాత్రంతా ఈదురుగాలి.

తెల్లవారేసరికి పెళ్ళికొడుకు తల్లి నీళ్ళ అంచున కూర్చుని ఉంది. వెతకడానికి రెండు పడవలు వెళ్ళాయి. తనూ వెళ్తానని పెళ్ళికొడుకు గింజుకుంటుంటే పేట పెద్దలు పట్టి ఆపారు. పెళ్ళి వేళ దాటిపోయింది. పాస్టరుగారు చర్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఇంతలో ఎవరో ముసలావిడ, కొత్తకోడలి పాదం మంచిది కాదేమోనని గొణిగిన మాట మా పెదనాన్న చెవిన పడింది. ఆయనకు అసలే కోపమెక్కువ. వ్యాను డ్రైవరును లేపి మూటలెక్కించమన్నాడు. నాన్న ఆ క్షణంలో ఊ అంటే చాలు, మేమందరం ఘాటీ ఎక్కిపోయేవాళ్ళం, చెల్లెలి బతుకు ఇంకే దారి పట్టేదో.

నాన్న నోరు తెరిచేలోపే చెల్లెలు విడిదింట్లోంచి బయటికొచ్చింది. తెల్లచీరతో, తలనిండా పూలతో, ఎవరినీ అడక్కుండా ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళి అత్తగారి పక్కన చతికిలబడింది.

"నువ్వెందుకొచ్చినావమ్మా, పెళ్ళిసీర ఉప్పునీళ్ళకి పాడయిపోద్ది" అందావిడ, కళ్ళు సముద్రం మీంచి తిప్పకుండానే.

"ఉతుక్కుంటే పోద్ది అత్తా" అంది మా చెల్లెలు.

నాన్న దూరం నుంచి వాళ్ళిద్దరినీ చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు తలకు చుట్టుకుని, పిల్లకాలువ దాటేవాడిలా పంచె ఎగ్గట్టి వెళ్ళి, వాళ్ళకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. పెదనాన్న వెనకాలే వెళ్ళి, "ఇంకా ఏటి సూస్తన్నావు, బేగి రా, ఎల్లిపోదాం" అంటే, "మనకి కూరొండాలనే గదా ఆళ్ళు ఎల్లినారు. ఆళ్ళొచ్చీదాకా నాను లెగను" అన్నాడు. పెదనాన్న వ్యాను దగ్గరికి తిరిగి వెళ్ళాడు. ఎక్కించిన మూటలు తనే దగ్గరుండి దింపించాడు.

అంతే, ఒక్కొక్కరుగా మేమందరం ఒడ్డుకి చేరిపోయాం. మా ఆడవాళ్ళు ఇసుకలో రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించి, తెచ్చిన చోడిపిండితో అంబలి కాచి, మావాళ్ళని గాని పేటవాళ్ళని గాని తేడా చూడకుండా అందరికీ పోశారు. పెళ్ళికొడుకు తల్లి గ్లాసు ముట్టకపోతే నాన్న ఆవిడ వైపు జరిగి, "తాగు సెల్లెమ్మా, ఎదురు సూసీదానికీ ఓపిక కావాల" అన్నాడు. ఆవిడ తాగింది. పాదం గురించి గొణిగిన ముసలావిడ కూడా వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ జరిగి చోటిచ్చింది.

ఎండ మెత్తబడుతున్న వేళ పేటవాళ్ళు లేచి కేకలు పెట్టారు. నాకేమీ కనిపించలేదు గాని వాళ్ళ కళ్ళకు ఆనింది. వెతకబోయిన పడవల్లో ఒకటి, ఇంజను చెడిన పడవను తాడు కట్టి లాక్కొస్తోంది. తండ్రీకొడుకులు పెదవులు పగిలి, నిలబడలేక ఒకరినొకరు పట్టుకుని దిగారు. ఆ పెద్దాయన భార్య దగ్గరికి కూడా వెళ్ళకముందే మా నాన్నను చూసి, "బావగారూ, సేపలన్నీ పాడయిపోనాయి" అన్నాడు, పెద్ద తప్పు చేసినవాడిలా.

"సేపలు రేపు దొరుకుతాయి బావా. ముందు నువ్వు అంబలి తాగు" అని నాన్న ఆయన భుజం కింద చెయ్యి వేసి పైకి నడిపించాడు.

పాస్టరుగారు చర్చికి పోదామన్నారు. కాని పెళ్ళికొడుకు తల్లి మొగుడి చెయ్యి వదలడం లేదు, ఆయనకు కాళ్ళు నిలవడం లేదు. "ఇక్కడే కానిచ్చీండి అయ్యగారూ, అందరం ఇక్కడే ఉన్నాం గదా" అన్నది మా నాన్నే. అలా పొద్దు వాలకముందు, తడిలుంగీలో ఉన్న మామగారి ఎదుట, అంచంతా ఇసుక పట్టిన చీరలో మా చెల్లెలి పెళ్ళి జరిగింది. ప్రార్థన సగం గాలికి కొట్టుకుపోయింది, వడ్డించబోతే విస్తళ్ళు ఎగిరిపోయాయి, పనసకాయ కూరలో ఇసుక పడింది. ఆ తర్వాత మా ఆడవాళ్ళు చేతులు కలిపి మా కొండ నాట్యం థింసా అందుకుంటే పేట ఆడవాళ్ళూ అడుగు రాకపోయినా వచ్చి కలిశారు. అంతకన్నా మంచి పెళ్ళి నేను చూడలేదని ఎవరి ముందైనా చెప్పగలను.

ఇప్పుడు వేటకు వెళ్ళే చెల్లెలి కొడుకు నడిసముద్రంలోంచే తల్లికి కబురు పెడుతున్నాడు, గాలి లేవబోతున్నదని రెండు రోజుల ముందే అందరికీ తెలిసిపోతోంది. మంచిదే. అలా కూర్చోవలసిన రోజు ఏ తల్లికీ రాకూడదు. కాని కబురు ఇంటికే వచ్చేస్తుంటే, ఒకరి కోసం ఒకరు వెళ్ళి పక్కన కూర్చునే పని కూడా తగ్గిపోయింది, ఫోనులో ధైర్యం చెప్పి పెట్టేస్తున్నాం. మా నాన్న మాత్రం బతికున్నన్నాళ్ళూ కొండ మీద గాలి విసురుగా వీస్తే కాఫీతోటలో పని ఆపి, తూర్పు వైపు తిరిగి, "అక్కడెలాగుందో" అనేవాడు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్ళు మా ఇంట్లో లేరు. గాలి లేచినప్పుడు నేనే వాకిట్లోకి వెళ్ళి కాసేపు నిలబడతాను. ఇక్కడి నుంచి ఏ ఒడ్డూ కనిపించదు, కొండ వెనక కొండ, అంతే.