ఓబులేసు మీసం కోసం హిందూపురం ప్రయాణం

ఆదివారం పొద్దున ఆరుగంటల పది నిమిషాలకు ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాను. నా తమ్ముడు ఓబులేసు మీసం ఉంటుందా పోతుందా అన్నది ఆ రోజు హిందూపురంలో తేలాలి.

వయసులో వాడు నాటకాల కంపెనీ వెంట తిరిగాడు. ఆ కంపెనీ ఆడే కన్నడ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు రాజు వెనక ఈటె పట్టుకుని నిలబడ్డాడట. పెళ్లయిన నాటి నుంచి ఇదే మాట. వాడి పెండ్లాం రామక్క ఒక్కనాడూ నమ్మలేదు. ఆ సినిమాను వాడూ చూసినవాడు కాదు. ఇప్పుడు హిందూపురంలో రిటైరైన కన్నడ అయ్యవారు ఒకాయన కల్యాణమంటపంలో తెర కట్టి ఊరికే చూపిస్తున్నాడని తెలిసింది. తెరమీద కనబడకపోతే మీసం తీసేస్తానని వాడు పందెం కాశాడు. కనబడితే, మా ఆయన అబద్ధాలాడడని రామక్క నలుగురిలో చెప్పాలి. తీర్పు నాది. ఇట్లాంటి పనులకు నన్ను రెండోసారి పిలవనక్కర్లేదు.

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, స్టేషన్ బోర్డు ఒక్కటి వదలను. ఏడింటికి పెనుకొండ అని చదివాను, తమ్ముడూ రామక్కా ఎక్కారు. వాడు మీసానికి నూనె రాసుకొచ్చాడు. ఎదురు సీట్లో గంగులప్ప అని ఒకాయన, హిందూపురం బస్టాండు దగ్గర సెలూన్ నడుపుతాడట. సంగతంతా విన్నాడు.

"దిగులు పడొద్దప్పా. అంగడి దగ్గర్లోనే ఉండాది, కత్తి కొత్తది," అన్నాడు.

గిరాకీ పోకూడదని మా వెంటే సినిమాకు వచ్చాడు.

ఎనిమిదింటికి దిగి, స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. మీరు పోతే మిరపకాయ బజ్జీ ఒకటితో ఆపండి. ఓబులేసు తన ప్లేటు నా వైపు జరిపాడు. వాడివీ నేనే తిన్నాను, అందుకే చెబుతున్నాను.

పదింటికి ఆట మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలు, వాటి కాళ్లు విరిగాయేమో చూసుకుని కూర్చోవాలి. సినిమాలో అందరూ కడపటి వరసకు వినబడేట్టు అరిచి మాట్లాడతారు, నాటకం బుద్ధి పోలేదు. రాజు చనిపోయే ఘట్టంలో తమ్ముడు లేచి, మూడో భటుడు తానేనని వేలు చూపించాడు. రామక్క అప్పటికి రాజు కోసం ఏడుస్తూ కొంగు మొహాన కప్పుకుని ఉంది. తల ఎత్తేసరికి ఈటెలు పోయాయి.

నేను లేచి ఒన్స్‌మోర్ అని కేకేశాను. నాటకంలో ఆ కేక పడితే చచ్చిన రాజైనా లేచి పద్యం పాడి మళ్లీ చావాల్సిందే. హాల్లోని ముసలోళ్లంతా అందుకున్నారు. ఇది సినిమా అని ఒక్కరికీ తోచలేదు. అయ్యవారు నవ్వి, ల్యాప్‌టాప్‌లో వెనక్కి తిప్పాడు. రాజు లేచాడు, మళ్లీ చచ్చాడు. భటుల దగ్గర బొమ్మ నిలిపాడు.

ఆరుగురు. అందరికీ అంటించిన గడ్డాలు, ఒకే రకం తలపాగాలు. మూడోవాడు పొడుగ్గా, దొర మాదిరి ఉన్నాడు. రామక్క చానాసేపు చూసింది.

"మూడోవాడు నువ్వు కాదు," అంది.

గంగులప్ప లేచి చొక్కా సర్దుకున్నాడు. తమ్ముడి మొహం రాజు మొహం కంటే పాలిపోయింది.

"ఆ చివర, ఒంటికాలి మీద నిలబడి పిక్క గోక్కుంటాండేవాడు నువ్వు. వాకిట్లో నలభై ఏండ్లుగా చూస్తాండా, నాకు తెలీదా?"

"మూడోవాడే నేననుకుంటాంటినే," అన్నాడు తమ్ముడు, ఆ దొరను వదులుకోలేక.

మీసం ఉంచుకోమని తీర్పు చెప్పాను. గంగులప్ప, పోనీ గడ్డమైనా గీయనా అని అడిగాడు.

మూడున్నర ప్యాసింజరులో తిరుగు ప్రయాణం. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద జనం మధ్య రామక్క నిలబడి పందెం చెల్లించింది.

"మా ఆయన అబద్ధాలాడడు. తననే తాను గుర్తుపట్టలేడు, అంతే."

సినిమా మంచిదే. పక్కన తెలిసినవాళ్లను పెట్టుకుని చూడండి.

ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లు: నేను, అంటే నాగమ్మ. రామక్క. సెలూన్ గంగులప్ప. శ్రీకంఠయ్య అయ్యవారు. ఒన్స్‌మోర్ అందుకున్న హనుమక్క, చౌడప్ప, పీరన్న, ఇద్దరు నంజమ్మలు. ఓబులేసు, కుర్చీలో ఒకసారి, తెరమీద ఒకసారి.