మాస్టారు మిగిల్చి వెళ్ళిన మూడోసారి

మా లెక్కల మాస్టారు పోయారు. పోయిన నెల ఒక ఉదయం తెనాలిలో నా సైకిలు షాపు షట్టరు ఎత్తుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది. షట్టరు సగంలో వదిలేసి అలాగే నిలబడిపోయాను. ఆ ఆదివారం మేమిద్దరం రేపల్లె వెళ్ళాలి. అయ్యో మాస్టారు అనుకోవడానికి ముందు నాకు ఆ ప్రయాణమే గుర్తొచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. రిటైరయ్యాక ఆదివారం వస్తే చాలు, నన్ను వెంటేసుకుని టిఫిన్‌కి బయల్దేరేవారు. పెద్ద హోటళ్ళ జోలికి పోయేవారు కాదు. బస్టాండు పక్కన కొట్లు, తోపుడు బండ్లు, ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసేవాళ్ళు. తెనాలి అయిపోయాక బాపట్ల, రేపల్లె. ప్రతి చోటుకీ మార్కులు వేసేవారు. బడిలో నన్ను ఏనాడూ నలభై దాటనివ్వని మనిషి ఇడ్లీకి మాత్రం ఊరికే వేస్తారా? నూటికి నూరు ఒక్కరికీ రాలేదు.

పొయ్యికి దగ్గరున్న బల్ల దగ్గరే కూర్చునేవారు. చట్నీ గిన్నె నా వైపు జరిపేసి, మొదటి ముక్క ఉత్తదే నోట్లో వేసుకునేవారు. "చట్నీ బాగుంటే అట్టముక్క కూడా తినేస్తావురా. ముందు ఇడ్లీ సంగతి చూడు" అనేవారు. తర్వాత వడ్డించినవాళ్ళను అడిగేవారు. "మీరు టిఫిన్ చేశారామ్మా? ఇదే తిన్నారా?" అవునంటే పది మార్కులు అక్కడికక్కడే పడేవి.

అయితే మూడుసార్లు తినందే మొత్తం మార్కు తేల్చేవారు కాదు. "ఒక్క చుక్కతో గీత గీస్తావేంట్రా? రెండుంటే గీత వస్తుంది. మూడోది దాని మీద పడిందో లేదో చూసుకోవాలి కదా" అనేవారు. జ్వరంలో తిన్నదీ, కోపంలో తిన్నదీ, ఏడుస్తూ తిన్నదీ లెక్కలోకి రావు. అప్పుడు నాలుక మన మాట వినదట.

తెనాలిలో మా వీధి చివర పిజ్జా కొట్టు పెడితే అక్కడికీ మూడుసార్లు వెళ్ళారు. నేను మొహం చిట్లిస్తే నవ్వారు. "రొట్టె మీద కూర పరిచి కాల్చాడు, తప్పేంటి? అడుగు సరిగ్గా కాలిందో లేదో చూడు." అడుగు తిప్పి చూసి, అంచు కొరికి, డెబ్బై వేశారు. ఆ కొట్టతను ఇప్పటికీ ఆ మార్కు చెప్పుకుంటాడు. బాపట్లలో ఒక పెసరట్ల కొట్లో అల్లం పచ్చడి చేదెక్కింది. మాస్టారు కిక్కురుమనకుండా తిని, జనం పలచబడే దాకా కూర్చుని, పొయ్యి దగ్గరకెళ్ళి అట్లు పోసే పెద్దాయన చెవిలో చెప్పారు. పదిమందిలో ఒకరి వంటను చిన్నబుచ్చడం ఆయనకు చేతకాదు.

నాకు చేతనైంది. ఊళ్ళో టిఫిన్ల గురించి ఫోనులో ఒక పేజీ నడుపుతాను. మాస్టారు ఒంట్లో బాగోక రాని ఒక ఆదివారం ఒక్కణ్ణే రేపల్లె వెళ్ళి, స్టేషను వీధిలో ఒకావిడ కొట్లో తిన్నాను. ఇడ్లీ గట్టిగా ఉంది. "రేపల్లెలో రాళ్ళు కావాలంటే ఇక్కడ దొరుకుతాయి" అని రాశాను. జనం తెగ నవ్వారు, ఒకరికొకరు పంపుకున్నారు. నేనూ మురిసిపోయాను.

మాస్టారు అది చదివి షాపుకొచ్చారు. కూర్చోలేదు. "ఎన్నిసార్లు తిన్నావు?" అన్నారు. ఒక్కసారే అన్నాను. "ఆ వారమంతా ముసురు కదరా. పిండి పులుస్తుందా?" రాసింది తీసేస్తానన్నాను. "కొట్టేస్తే సరిపోదు. తప్పు లెక్క కింద సరైంది చేసి చూపించాలి. ఇంకా రెండుసార్లు తిను. ఆవిడకి చెప్పు. అప్పుడు రాయి" అన్నారు.

రెండోసారి ఇద్దరం వెళ్ళాం. మొదటిసారి కొట్టు ముందు మూడు బల్లలుండేవి, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఇడ్లీ మెత్తగా, తెల్లగా ఉంది. మీరూ ఇదే తిన్నారా అని మాస్టారు ఎప్పటిలాగే అడిగారు. ఆవిడ నవ్వి, "మిగిలినయ్యన్నీ మేమే తింటన్నామండి" అంది. ఆవిడా మాస్టారూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు, నేను తల దించుకుని తిన్నాను. ఆ రాసింది నేనేనని చెప్పలేకపోయాను. తిరుగు రైల్లో మాస్టారు కోప్పడలేదు. "మూడోసారి చెబుదువుగానిలే, నేను పక్కనే ఉంటా" అన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళాను. నన్ను చూసి ఆవిడ, "మాస్టారు రాలేదేంటండీ?" అంది. చెప్పాను. చేతిలో గరిటె పక్కన పెట్టేసి పొయ్యి పక్కనే పీట మీద కూలబడింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలుసు.

"అక్కా, ఫోనులో మీ ఇడ్లీలు రాళ్ళని రాసింది నేనే."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తడి మాస్టారి కోసమో, నా మాటకో నాకు తెలియదు. లేచి ఆవిరి పాత్ర మూత తీసి, రెండిడ్లీలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తినండి. చల్లారిపోతాయి."

చట్నీ గిన్నె ఎదుటి వైపు, పోయినసారి మాస్టారు కూర్చున్న చోటికి జరిపాను. ఉత్త ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా ఉందో, చప్పగా ఉందో కూడా తెలియలేదు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఎలా ఉందండీ?" అంది ఆవిడ.

"ఇది లెక్కలోకి రాదక్కా. మళ్ళీ రావాలి."

"రండి" అంది.

నేను లేచేసరికి చట్నీ గిన్నె అవతలి వైపే ఉంది, ఎవరూ ముట్టలేదు. బల్ల తుడుస్తూ ఆవిడ దాన్ని తీయబోయి, చేయి వెనక్కి తీసుకుంది. దాని చుట్టూ తుడిచింది.