తాళం వేయని మాటలు

మొన్న మహబూబాబాద్‌లో మందుల షాపువాడు నా కార్డు పెట్టగానే మిషను కీచుమంటూ వెచ్చని చీటీ వదిలింది. వెంటనే సరితక్క గుర్తొచ్చింది. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఎగసిన రోజుల్లో అక్క జనగామలో కంప్యూటర్ సెంటర్ నడిపేది. దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన నేను అక్కడ టైపు చేసేదాన్ని. ఒకరోజు కరపత్రంలో 'వచ్చినం' అని కొడితే, తప్పన్నట్టు కంప్యూటర్ కింద ఎర్రగీత గీసింది. దిద్దబోతుంటే అక్క ఆపింది.

"నీ మాట తప్పు గాదు, గీత తప్పు. గీతనే దిద్దుదాం."

అక్కా, ఆమె మిత్రులూ తెలుగు తప్పొప్పులు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాస్తున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి తమ మాటలు చేర్చవచ్చు. మా తండావాళ్లు తెలుగులో వాడే మాటలూ అక్క అడిగి రాసుకుంది. కానీ సర్వర్ కిరాయికి దిక్కులేదు. అందుకే అక్క ఒక బ్యాంకును క్రెడిట్ కార్డుకు ఒప్పించింది. ఆ కార్డుతో ఎవరేం కొన్నా, బ్యాంకు తన వాటాలోంచి కొంత మా పనికి ఇస్తుంది. పెద్దవంగర, గార్ల బడులు తిరిగి టీచర్లకు చెప్పి దరఖాస్తులు రాయించాం.

తీరా ఒప్పందం రోజున మేనేజర్ కొత్త షరతు చూపించాడు. కార్డు ఉన్నవాళ్లకే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలట.

"ఈ పిల్ల తండాల ఎవలికున్నది సారూ కార్డు? గీ మాటలిచ్చిందే వాళ్లు," అంది అక్క.

"పై ఆఫీసు మాట మేడమ్. సంతకం లేకుంటే కార్డు లేదు."

"అయితే వద్దు తియ్యుండ్రి." అక్క లేచింది.

బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చింది. "పని ఆగిపోతది గదక్కా!"

"ఆగితె మళ్ల మొదలువెడ్తం. ఒక్కసారి తాళమేస్తె అది మన చేతుల ఉండదే."

నెల తిరగకుండానే సర్వర్ ఆగింది. అక్క సాఫ్ట్‌వేర్‌ను సీడీల్లోకి ఎక్కించి పంచింది. జరిగింది జరిగినట్టు టీచర్లకు చెప్పాం. ఆ దరఖాస్తులకు బ్యాంకు తన మామూలు కార్డులిస్తానంటే పెద్దవంగర టీచరమ్మ ఒకామె తనది వెనక్కి తీసుకుంది, ఆమెను చూసి మిగతావాళ్లూ తీసుకున్నారు. వానాకాలం వెళ్లేలోపు మేనేజరే మా మెట్లెక్కి వచ్చాడు, షరతు కొట్టేసిన కాగితంతో. సర్వర్ తిరిగి నడిచిన రోజు అక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "నీ ఇంటి మాట చేర్చు," అంది. మా తండాలో అమ్మను పిలిచే మాట 'యాడి' అని కొట్టాను.

అక్క ఇప్పుడు లేదు. ఆ కార్డూ ఏనాడో ఆగిపోయింది. పని మాత్రం ఆగలేదు. దాన్ని ఇప్పుడు నేను చూస్తున్నాను. సాయం చేస్తామని వచ్చే కంపెనీల కాగితాలు చివరి అక్షరం దాకా చదువుతాను. ఎవరినీ బయట నిలబెట్టరు కదా అని అడుగుతాను. నిలబెడతామంటే లేచి వచ్చేస్తాను. ఎంత పెద్ద గదిలోంచైనా.