ఖాళీగా ఉండకూడని గడి

చర్ల అవతలి అడవి ఊళ్లలో గర్భిణుల వివరాలు నమోదు చేసే యాప్ మా చిన్న సంస్థలో నేనే తయారుచేశాను. కొత్తగూడెంలో ఇంటి నుంచే పని. డేటాబేస్‌లో పట్టికలు గీసి ఇస్తే, జనరేటర్ అనే ప్రోగ్రామ్ వాటిని చదివి కోడ్ దానంతటదే రాసిపెట్టేది. ఏ గడిలో అంకె, ఏ గడిలో తేదీ, ఏది ఖాళీగా ఉండకూడదు అన్నది పట్టికలో ఒక్కసారి చెబితే చాలు, ఆ నియమం నర్సు చేతిలోని ఫోన్ దాకా పాకేది. ఇక తప్పులు రావని గర్వపడేదాన్ని. పుట్టిన తేదీ ఖాళీగా ఉండకూడదని రాసింది నేనే.

ఆ వానాకాలం మూడు రోజులు ముసురు వదల్లేదు. వాగులు పొంగకముందే నెలలు నిండినవాళ్లను భద్రాచలం దవాఖానాకు చేర్చడానికి బండి బయల్దేరింది. ఏ ఊళ్లలో ఆగాలో డ్రైవర్‌కు మా యాప్ నుంచే జాబితా వెళ్తుంది. పొద్దున తొమ్మిదింటికి నర్సు ఫోన్ చేసింది. నాకంటే పదేళ్లు పెద్దది. వాగు అవతల గుంపు అని పిలిచే చిన్న గూడెంలో నెలలు నిండిన ఒకామెకు పుట్టిన తారీఖు తెలియదట, కాగితాలేవీ లేవట. వారం నుంచి ఆమె వివరాలు ఎక్కిస్తుంటే యాప్ తీసుకోవడం లేదట. అందుకే ఆ ఊరు జాబితాలోకి రాలేదు.

"ఉత్తగ ఏదో తారీఖు వెయ్యబుద్ధి కాలే చెల్లె. జల్దీ చెయ్యి, నీళ్లు పెరుగుతున్నయ్," అంది.

పావుగంటలో అయిపోతుందన్నాను.

పట్టికలో ఆ నియమం తీసేసి జనరేటర్ నడిపాను. కొత్త కోడ్‌తో పాటు నలభైకి పైగా ఎర్రర్లు వచ్చాయి. వయసు లెక్కకట్టే చోట, జాబితా వరస పెట్టే చోట, అన్నిచోట్లా ఒకటే ప్రశ్న: తేదీ లేకపోతే ఏం చేయాలి? ఒకటి సరిచేస్తే మరో రెండు లేచాయి. తొందరలో తప్పు మీటలు నొక్కాను. మధ్యలో నర్సు రెండుసార్లు ఫోన్ చేసింది. తొందరపెట్టడానికే చేస్తోందనుకుని కట్ చేశాను.

పన్నెండున్నరకు చివరి ఎర్రర్ పోయింది. నర్సుకు చేస్తే సిగ్నల్ లేదు. కాసేపటికి తనే చేసింది. బండి ఎప్పుడో ఆ దారి దాటి వెళ్లిపోయింది. వాగు రోడ్డెక్కింది.

"కొత్త డ్రైవరు, నంబర్ నా కాడ లేదు. నువ్వొక్క మాట చెప్తే ఆగుతుండె గదా. అందుకే రెండుసార్లు చేసిన."

డ్రైవర్ నంబర్ నా ఫోన్‌లోనే ఉంది. మూడున్నర గంటలు ఆ సంగతే నాకు తట్టలేదు.

సాయంత్రం నలుగురు ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. వాగు ఒడ్డునే కాన్పయింది. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

నెల తర్వాత ఆ గుంపుకు వెళ్లాను. ఆఫీసు నుంచి వచ్చానని నర్సు వాళ్ల భాషలో చెప్పింది. ఆ తల్లి పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. నేనేం చేశానో చెప్పాలనే వెళ్లాను. నీళ్లు తాగి వచ్చేశాను.