పెదవి తగలని మెర్లో

మీరు చివరిసారి నీళ్లు తాగినప్పుడు గ్లాసుకు మీ పెదవి తగిలిందా? దబాయించకండి, గుర్తు తెచ్చుకుని చెప్పండి. తల వెనక్కి వంచి, గ్లాసును జానెడు ఎత్తున పట్టుకుని, గొంతులోకి ధారగా పోసుకున్నారు కదూ? నేనూ అంతే. ఈ అలవాటు ఒక ఆదివారం మదనపల్లెలో, మా మేడ మీద, మా బామ్మర్ది బతుకును కాస్తలో తప్పుదారి పట్టించేది.

మా బామ్మర్ది, అంటే నా భార్యకు తమ్ముడు, కుప్పం వాడు. అంగళ్లు దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునేవాడు. ఒకసారి స్నేహితులతో కలిసి సరిహద్దు అవతల, కర్ణాటక కొండల మీద ఉన్న ఒక ద్రాక్షతోట చూడడానికి వెళ్లాడు. అక్కడ మెర్లో అనే నల్లద్రాక్ష పండించి వైను చేస్తారు, వచ్చినవాళ్లకు రుచి చూపిస్తారు. వీడు చూసి వచ్చి ఊరుకోలేదు. సెలవు దొరికితే కొండ మీదే. ఇంటికి వస్తే కాఫీ వాసన చూస్తాడు, చారు వాసన చూస్తాడు. నేను కొత్తగా కొన్న గొడుగును కూడా వాసన చూసి, "గోడౌన్లో శానా దినాలుండాది బావా ఇది" అన్నాడు. చివరికి ఆ తోటవాళ్లే పిలిచి, వచ్చే అతిథులకు వైన్ల తేడా చెప్పి రుచి చూపించే ఉద్యోగం ఇస్తామన్నారు.

కుప్పంలో మా అత్తగారు ఈ మాట విని వెంటనే మా ఆవిడకు ఫోను చేసింది.

"కాలేజీలో పని ఇడిసిపెట్టి కొండెక్కి వాసన సూస్తానంటాండాడు మీ తమ్ముడు. యాడన్నా గాలి సోకిండాదేమో, ఎవురికన్నా సూపించమ్మా."

గాలి సోకడం అనే మాట మా ఇంట్లో వినబడకూడదు. మాది పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న పెళ్లి. మా ఆవిడ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పి ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైంది. ఆమె ఫోను పెట్టేసి తీర్పు చెప్పింది. "పరీక్ష పెడదాం. వీనికి నిజంగా తేడా తెలిస్తే అమ్మను నేను ఒప్పిస్తా. తెలియకపోతే నోరు మూసుకుని ల్యాబులో ఉండాల." బామ్మర్ది సరేనన్నాడు. ఉద్యోగమా, ల్యాబా అన్నది ఆ పరీక్షతో తేలిపోవాలి. పరీక్షాధికారిని నేను.

నన్నెందుకు పెట్టారంటే, నా జీవితంలో ఎక్కువ భాగం అదే పని. నిమ్మకాయలోంచి నెత్తురు తెప్పించేవాళ్లు, నాలుక మీద కర్పూరం వెలిగించేవాళ్లు, గాల్లోంచి విభూతి తీసేవాళ్లు ఉన్నారే, ఊరూరా సభలు పెట్టి వాళ్ల గుట్టు విప్పుతాను. ఇక గ్లాసులో ముక్కు దూర్చి, మా జిల్లాలో ఎవరూ కంటితో చూడని పండ్ల పేర్లు, పాత తోలు, పొగాకు అంటూ చదివే మనిషికీ, తమలపాకులో అంజనం చూసి తప్పిపోయిన ఎద్దు ఏ దిక్కున ఉందో చెప్పే మనిషికీ తేడా ఏముంది? ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లని నా అభిప్రాయం. ఆ మాట బామ్మర్ది ముందే అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "నువ్వు పొద్దున ఉల్లిపాయ తినిండావు గదా బావా" అన్నాడు. నిజమే. కానీ ఒక ఉల్లిపాయతో సిద్ధాంతం రుజువు కాదు.

సాక్షిగా పుంగనూరు నుంచి నా మిత్రుణ్ణి పిలిపించాను. రిటైరైన లెక్కల మాస్టారు. వేదిక మీద నాతో కలిసి ఆయన కూడా గొంతు చించుకోని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. సంచినిండా ఉడకబెట్టిన శనక్కాయలతో బస్సు దిగి వచ్చాడు.

బామ్మర్ది మూడు సీసాలు పెట్టాడు. ఒకటి కొండ మీద పండిన మెర్లో. రెండోది మైదానంలో పండిన మెర్లో. మూడోది షిరాజ్ అనే మరో నల్లద్రాక్షది. కొండ మెర్లో ఏదో చెబితే వాడు గెలిచినట్టు. సీసాల మీద పేర్లు కనబడకుండా ఏదైనా తొడగాలి. ఇల్లంతా వెతికితే సరిగ్గా సరిపోయినవి నా ఉన్ని సాక్సులు. జత తప్పిపోయినవి మూడు దొరికాయి. తొడిగి, సుద్దముక్కతో నంబర్లు వేశాను.

"బావా, ఇవి ఉతికినవేనా?" అన్నాడు బామ్మర్ది.

"పరీక్షకు సంబంధం లేని ప్రశ్నలు వద్దు" అన్నాను.

ఇప్పుడు గ్లాసుల సమస్య వచ్చింది. పెరుగూ మజ్జిగా తాగే గ్లాసుల్లో వైను పొయ్యడానికి వీల్లేదని మా ఆవిడ తేల్చేసింది. బామ్మర్ది తువ్వాలులో చుట్టి జాగ్రత్తగా తెచ్చిన పొడుగు కాడ గ్లాసు ఒక్కటే ఉంది. ఒక గ్లాసు, నలుగురు మనుషులు. ఫర్వాలేదు, ఒకరి తర్వాత ఒకరు తాగుదామన్నాను.

ముందు వైన్ల గురించి తెలియని మేము ముగ్గురం తాగాలి, అసలు తేడా అనేది ఉందో లేదో చూడాలి కనుక. పుంగనూరు మిత్రుడు గ్లాసు అందుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. కాడ పట్టుకుని గ్లాసును మొహానికి జానెడు పైన నిలిపి, ఎర్రటి ధార వదిలాడు. వైను గ్లాసు మూతి చెంబు మూతిలాంటిది కాదు, లోపలికి వంగి ఉంటుంది. ధార గురి తప్పింది. సగం గొంతులోకి, సగం తెల్ల చొక్కా మీదికి.

"ఇట్లే బస్సెక్కితే నన్నెవురో పొడిసినారనుకుంటారప్పా" అని చొక్కా చూసుకుంటూ, మిగతా రెండూ కూడా అలాగే పోసుకుని, "మూడూ ఒకటే" అన్నాడు.

తర్వాత నేను. ధారగా పోసుకుని, గుటకవేసి, "మూడూ ఒకటే" అన్నాను. మా ఆవిడ మాకంటే నేర్పుగా, ఒక్క చుక్క కూడా పడకుండా పోసుకుని, "పుల్లగుండాది. మూడూ పుల్లగుండాయి" అంది.

ఇక బామ్మర్ది వంతు. కళ్లకు తువ్వాలు కట్టాం. వాడూ తల వెనక్కి వాల్చి ధారగా పోసుకున్నాడు. చప్పరించాడు. ఆలోచించాడు. ఒకటో నంబరు కొండ మెర్లో అన్నాడు. సాక్సు తీసి చూస్తే షిరాజ్. వాడికి కనబడకుండా వరస మార్చి మళ్లీ ఇచ్చాం. మళ్లీ తప్పు.

తువ్వాలు విప్పుకున్నాక వాడి మొహం వాడిపోయింది. "కొండలో తెలుస్తాండాది బావా. ఈడ యాల తెలియలేదో."

"స్వాములూ ఇదే అంటారు" అన్నాను. "నమ్మనివాళ్లు ఎదురుగా ఉంటే శక్తి పనిచెయ్యదని."

మిత్రుడు శనక్కాయ వలుస్తూ పగలబడి నవ్వాడు. బామ్మర్ది నవ్వలేదు. "సరేలే అక్కా. ల్యాబులోనే ఉంటాను. అమ్మకు సెప్పు" అన్నాడు. నేను మాత్రం లోలోపల ఉపన్యాసం మొదలుపెట్టేశాను. శీర్షిక కూడా కుదిరింది: సీసాలో స్వాములవారు.

మా ఆవిడ గ్లాసు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. మా ఇళ్లలో గ్లాసు కడిగే ముందు ఒక ఆచారం ఉంది. నీచు వాసన ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టి చూస్తారు. ఉంటే సబ్బు, లేకపోతే నీళ్లు చాలు. ఆమె అలాగే ముక్కు దగ్గర పెట్టింది. కడగలేదు. అక్కడే నిలబడిపోయింది. మళ్లీ పెట్టింది. గ్లాసుతో వెనక్కి వచ్చింది.

"ఇందులో నేరేడుపండు ఉండాది" అంది.

"యాడ?" అని మిత్రుడు గ్లాసులోకి తొంగి చూశాడు.

"కంటితో సూస్తే కనపడదు మాస్టారూ. ముక్కు పెట్టండి." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఆ కొండలో నువ్వు ఎట్ల తాగుతావు?"

వాడు గ్లాసు తీసుకుని చూపించాడు. కొంచెం పోసి, గిర్రున తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, ఊపిరి పీల్చి, అంచుకు పెదవి ఆనించి చిన్న గుక్క తీసుకుని, నోట్లో నిలిపాడు.

"మరి ఈడ యాల ఎత్తి పోసుకున్నావు?"

"ఒకే గ్లాసు గదక్కా. మళ్లా బావ తాగాల్నేమో. పెద్దోడు. ఎంగిలి చేసి ఇస్తే బాగుండదని."

మిత్రుడు వలిచిన శనక్కాయ నోట్లో వేసుకోకుండా నా వైపు చూశాడు.

ఎంగిలి. ఆ మాట మీద నేను ఎన్ని గంటలు మాట్లాడి ఉంటానో చెప్పలేను. అందరూ ఒకే పంక్తిలో కూర్చోవాలని, ఒకరు తాకితే మరొకరికి మైల అంటదని, ఎంగిలి భయం కులం భయానికి కూతురని సదుంలో చెప్పాను, గంగవరంలో చెప్పాను. చెప్పి చెప్పి గొంతెండిపోతే సభవాళ్లు నీళ్లిచ్చేవారు. ఆ నీళ్లు నేను ఎలా తాగేవాణ్ణో తెలుసా? ఎత్తి పోసుకుని. వేదిక మీదే, అందరి ముందే. ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా అలాగే తాగేవాళ్లు కనుక ఒక్కరికీ అనుమానం రాలేదు.

మిత్రుడు తేరుకుని వాదనకు దిగాడు. "అది మూఢనమ్మకం కాదప్పా, పరిశుభ్రత. సూక్ష్మజీవులుంటాయి గదా."

"అట్లనా మాస్టారూ" అంది మా ఆవిడ. "మా ఇంటాయన ఆయన గ్లాసులో ఆయనే తాగేటప్పుడు కూడా ఎత్తే పోసుకుంటాడు. ఆయన క్రిములు ఆయనకే అంటుకుంటాయనా?"

లెక్కల మాస్టారు మళ్లీ శనక్కాయల సంచిలో చెయ్యి పెట్టాడు.

"జలుబు చేస్తే చారు రుచి తెలుస్తాదా?" అని ఆమె నన్ను నిలదీసింది. "రుచిలో సగం పైగా ముక్కు పని. ముక్కును పరీక్షకు రానియ్యకుండా నాలుకను ఫెయిల్ చేసినావు. తొమ్మిదో తరగతి పిల్లోడు ఇట్లాంటి ప్రయోగం రాసుకొస్తే నేను కొట్టేసేదాన్ని."

పరీక్ష రద్దయింది. పెరుగు గ్లాసుల మీద నిషేధం కూడా ఎత్తేశారు. మనిషికి మూడు గ్లాసులు పెట్టి, అందరికీ అన్నీ పోశాం. నేను మొదటిసారి వైనులో ముక్కు పెట్టాను. మీసం తడిసింది. కానీ నేరేడుపండు అక్కడే ఉంది. వాన పడ్డాక తోటలో రాలిన ఆకు తొక్కితే వచ్చే వాసన కూడా ఉంది. రెండో గ్లాసులో బెల్లం పాకం, కాస్త ఎక్కువ కాగినది. మూడోదాంట్లో ముక్కు పెట్టగానే మా ఇంటి మిరియాల చారు గుర్తొచ్చింది. గుక్క తీసుకుంటే, పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పట్టేసింది. ఇవన్నీ ఇందాక నేనే తాగాను. ఇందాక మూడూ ఒకటే.

మళ్లీ బామ్మర్దికి కళ్లకు కట్టి, వరస మార్చి ఇచ్చాం. మొదటి గ్లాసులో ముక్కు పెట్టి కాసేపు కదల్లేదు. "షిరాజ్. మిరియాలు." రెండోది అందుకున్నాడు. "ఇది ఎండ తగిలి తొందరగా మాగిన కాయ. కింద పండింది." మూడోదాని దగ్గర ఆగాడు. "ఇది కొండ మెర్లో. కొండలో పగలు ఎండ, రాత్రి సలి. కాయ నిదానంగా మాగుతాది బావా. అందుకే పులుపు నిలిసింది." మళ్లీ మూతి పెట్టి మొహం చిట్లించాడు. "కానీ ఇందులో ఇంకోటి ఉండాది. ఉన్ని. తోలు. కొంచిం సెమట."

"చూశారా, తోలు మొదలైంది" అని నేను లేవబోయాను. మా ఆవిడ ఆ మెర్లో సీసా ఎత్తి చూపించింది. సాక్సు జారి సీసా మూతి మీద పడింది. వాడికి పోసిన వైనంతా దానిగుండానే వడకట్టుకుని వచ్చింది.

"తోలు మీ బావదే" అన్నాడు మిత్రుడు.

సాక్సు తీసేసి, వరస మార్చి, మళ్లీ మళ్లీ ఇచ్చాం. వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. "గుడ్డిగా చెప్తే ఒకసారి తగులుతాది, ఇట్ల ప్రతిసారీ తగలదు" అని లెక్కల మాస్టారు ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. కారణం ఉన్నదాన్ని ఒప్పుకోకపోతే నాకూ అంజనం వేసేవాడికీ తేడా ఉండదు.

మా ఆవిడ కుప్పానికి ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అమ్మా, వాడు పాసైనాడు. గాలీ లేదు, ధూళీ లేదు. వాని ముక్కు మంచిది."

"ముక్కు వాళ్ల తాతది" అంది మా అత్తగారు. "మామిడికాయలు ఎండుగడ్డిలో ఉన్నెట్లే, ఏది మాగిందో వాసన సూసి సెప్తాండె. సరే, పొమ్మను. అయితే వాసన సూడమను, తాగొద్దను."

"తాగేది లేదమ్మా" అన్నాడు బామ్మర్ది. "ఆడ రుచి సూసి ఉమిసేస్తారు."

"ఉమిసేదానికి యాల సేసేది?" అని అడిగింది ఆమె. ఉమ్మడానికి మేడ మీద బామ్మర్ది పెట్టిన బకెట్టు ఖాళీగానే ఉంది. "సరే, ఆ ఉమిసేదేదో దూరంగా ఉమ్మమను" అని ఫోను పెట్టేసింది. అది అనుమతి.

వాడిప్పుడు కొండ మీదే ఉన్నాడు. అతిథులకు మెర్లోలో మాకు తెలియని సీమపండ్లు ఉన్నాయని చెప్పడంట, నేరేడు అంటాడంట. వెళ్తూ ఆ కాడ గ్లాసు మాకే వదిలి వెళ్లాడు. మొన్న పుంగనూరు మిత్రుడు వస్తే అందులో నీళ్లిచ్చాను. ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మోచెయ్యి పట్టుకుని కిందికి దించాను. ఆయన బిత్తరపోయి, అంచుకు పెదవి ఆనించి తాగి, "మీ సంపు కడిగించండప్పా" అన్నాడు. కడిగించాం. ఇన్నేళ్లుగా ఆ నీళ్లే తాగుతున్నా, ఎవరికీ వాసన తెలియలేదు.

ఇక మీ వంతు. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో ఎవరు ఏది తాగుతున్నా సరే, కాఫీ కానీ, మజ్జిగ కానీ, వాళ్ల చేతిలోని గ్లాసు అడిగి తీసుకోండి. ముందు ముక్కు పెట్టండి. తర్వాత అంచుకు పెదవి ఆనించి ఒక గుక్క తాగండి. ఎవరైనా ఎంగిలి అని అడ్డం వస్తే కారణం అడగండి. చెప్పలేకపోతే, ఇంకో గుక్క తాగి వాళ్ల చేతికి తిరిగి ఇవ్వండి.