సత్తియ్య మెడ, లోవలక్ష్మి మేడ

కొవ్వూరులో సత్తియ్యను ఎరగనివాళ్లు లేరు. పేరుకే తాపీ మేస్త్రి గానీ, ఆ మనిషి జన్మలో ఏదీ తాపీగా చేసి ఎరగడు. ఒక్కటి తప్ప! గోడ లేచిందంటే, దారానికి కట్టిన తూకం గుండు వదిలి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. నూలుపోగంత తేడా వచ్చినా, కట్టింది సొంత బావమరిదైనా సరే, పడగొట్టించాల్సిందే.

ఊరందరికీ మేడలు కట్టినవాడు తన ఇంటిపైన గది మొదలుపెట్టింది మాత్రం 2009లో, అదీ భార్య లోవలక్ష్మి పోరు పడలేక. గోడ నడుమెత్తు లేచిందో లేదో చేతివేళ్లు మొద్దుబారాయి. తాపీ పట్టుకుంటే జారిపోతోంది. మెడ ఎముక నరాలను నొక్కేస్తోందనీ, ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించకపోతే చేతులు పడిపోతాయనీ విశాఖపట్నంలో డాక్టర్ జ్ఞానప్రకాశం గారు చెప్పారు.

"స్క్రూలు కంటి కొలతతో దించేస్తారా అండి? మట్టం ఎవరు చూస్తారు?" అని అడ్డం తిరిగాడు సత్తియ్య. లోవలక్ష్మి తల బాదుకుంది.

డాక్టరుగారు నవ్వి కంప్యూటర్ ఇటు తిప్పారు. తెరమీద మెడ ఎముకల బొమ్మ, ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి తిరుగుతోంది. ఆపరేషన్లో పనిముట్టు మొన ఎముకలో ఎక్కడుందో, ఎటు పోతోందో అందులో కనిపిస్తుందట.

"మరి మనిషి కదిలితేనండి?"

"ఎముకకే ఒక గుర్తు బిగిస్తాం. కెమెరా దాన్నే చూస్తూంటుంది. ఆ గుర్తే ఎముక మీద జరిగిందా, పని ఆపేసి మళ్లీ బొమ్మ తీస్తాం."

"అదండీ మాట! గుండు ఆగేదాకా చెయ్యి పెట్టకూడదు. ఆయ్, కానివ్వండి బాబూ!"

ఆపరేషనయ్యి మెలకువ రాగానే తన వేలు నొక్కమన్నారు డాక్టరుగారు. "చాలు మేస్త్రీ, వదలండి!" అని ఆయన మొత్తుకునేదాకా నొక్కాడు సత్తియ్య. లోవలక్ష్మికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మూడు నెలలకి మెడపట్టీ తీసేసి మేడ మెట్లెక్కాడు. గోడ తలెత్తుకి లేచి ఉంది! కింద పడుకుని టకటకలు విన్నప్పుడల్లా బావమరిది కడుతున్నాడనుకున్నాడు.

"నేనేనండి కట్టింది. ఇరవయ్యేళ్లు మీకు సిమెంటు అందించాను, ఆమాత్రం రాదా?" అంది లోవలక్ష్మి, కొంగు నలిపేస్తూ.

సత్తియ్య గుండు వదిలాడు. వేళ్లమధ్య దారం వణకలేదు. గుండు ఊగి, ఊగి, ఆగింది. అరంగుళం తేడా!

లోవలక్ష్మి మొహం చిన్నబోయింది. సమ్మెట తెచ్చి ముందు పెట్టింది. "పడగొట్టేయండి."

సత్తియ్య తాపీగా దారం చుట్టేశాడు.

"ఉండనీవే. ప్లాస్టింగులో సర్దేస్తాను. నా చేత్తోనే."