నాగప్ప డప్పు కొట్టని బొమ్మ

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. గద్వాలలో మాత్రం నాగప్ప నోరు మంచిదైతేనే డేరా టాకీసు నిండేది. రెండో ప్రపంచయుద్ధం నాటి మాట. కొత్త బొమ్మ వచ్చిందంటే నాగప్ప మెడలో డప్పు వేసుకుని ప్రచారం బండి ముందు నడిచేవాడు. ఏ బొమ్మనూ చూసి చెప్పేవాడు కాదు, వాల్‌పోస్టరు చూసి చెప్పేవాడు. కత్తులుంటే సంతబజారులో కొట్టేవాడు, దేవుడుంటే ఆడవాళ్ళను పిలవడానికి మగ్గాల వాడకు పోయేవాడు. దేవుడు లేని సినిమాకు ఆడవాళ్ళను పిలవడం అక్కడ ఆనవాయితీ కాదు.

ఒక వేసవిలో కత్తీ కిరీటమూ లేని బొమ్మ ఒకటి వచ్చింది. పోస్టరు మీద గడపలో కూర్చున్న ఒక ఆడమనిషి, ఆమె ఒళ్ళో చిన్నపిల్ల లంగా. అంతే. నాగప్ప భార్య రేణుకమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి ఆ రోజు అడిగింది.

"గీ బొమ్మకు నేను గూడ వస్త."

"దేవుడు లేడు, కత్తియుద్ధం లేదు. ఏడుపుగొట్టు బొమ్మ. నీకెందుకు?" అన్నాడు నాగప్ప. మగ్గాల వాడకు డప్పు తీసుకుపోనే లేదు. బజారులోనూ డప్పు కొట్టకుండా, ఏడుపుగొట్టు బొమ్మేనని చెప్పి ఊరుకున్నాడు.

గుడ్డెద్దు చేలో పడ్డట్టు మాట్లాడితే ఇంకేమవుతుంది? డేరా ఖాళీ. ఆఖరి ఆటనాడు యజమాని సాయన్నకు ఒళ్ళు మండింది.

"నువ్వన్నా లోపల కూసో నాగప్పా. ఖాళీ డేరాల మిషను తిప్పాలంటే నాకే సిగ్గయితుంది."

కూర్చున్నాడు. బొమ్మలో ఆ ఆడమనిషికి కూతురు చచ్చిపోయింది. మొగుడు మంచివాడే, కొట్టడు, తిట్టడు. బిడ్డ మాట ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. చెప్పుకునే మనిషి దొరక్క ఆమె పెరట్లో మేకతో చెప్పుకుంటుంది.

నాగప్ప చేతిలో బీడీ ఆరిపోయింది. అమ్మవారు పోసి పోయిన తన పిల్ల గుర్తొచ్చింది. పాతిపెట్టి వచ్చిన నాడే డప్పు తగిలించుకుని బజారుకు పోయిన తానూ గుర్తొచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ పిల్ల ఊసు రానిస్తే ఒట్టు. సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్లారి సాయన్నను బతిమాలాడు. "ఇంకొక్క ఆట వెయ్యన్నా. మా ఆమెకు సూపియ్యాలె."

రీళ్ళ పెట్టెలు అప్పటికే రైలెక్కాయి. "గా బొమ్మ మల్ల రాదు," అన్నాడు సాయన్న. "ఎవరు చూసిండ్రని వస్తది?"

ఇంటికొచ్చి, జొన్నరొట్టెలు చేస్తున్న రేణుకమ్మ ముందు కూర్చున్నాడు. చూపించలేని బొమ్మను నోటితో చెప్పాడు. ఊరంతా వినేలా అరిచే గొంతు పొయ్యి దాకా కూడా సరిగ్గా రాలేదు.

"తప్పయింది. నిన్ను తోలుకపోవాల్సింది," అన్నాడు చివరికి.

రేణుకమ్మ రొట్టె తట్టడం ఆపలేదు. "బొమ్మల పిల్ల పేరేంది?"

"గౌరి."

"మన పిల్ల పేరు?"

నాగప్ప పొయ్యిలో పుల్లను లోపలికి తోశాడు.

"జములమ్మ," అన్నాడు.

పెనం మీద రొట్టె మాడుతోంది. రేణుకమ్మ దాన్ని తిప్పలేదు.

"ఇంకోపారి చెప్పు," అన్నది.